సవరణ: హౌరా తోట ఖర్చు ఎవరిది?

బొటానిక్ గార్డెన్లకు ప్రజాధనం ఎందుకివ్వాలో ఆదివారం రాస్తూ, హౌరాలోని జగదీశ్ చంద్ర బోస్ తోటను పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం పోషిస్తోందన్నాను. తప్పు. 1787లో మొదలైన ఆ తోట 1963 నుంచి బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా చేతిలో ఉంది. ఆ సంస్థ కేంద్ర పర్యావరణ శాఖది. వారి ప్రచురణల్లోనే ఉన్న సంగతి, చూసుకోకుండా రాశాను.

విజయవాడ పార్కులకు డబ్బు దండగ అని నేనన్నట్టు ఆ వ్యాసాన్ని కొందరు అర్థం చేసుకున్నారు. అలా అనలేదు. సాయంత్రం కృష్ణ ఒడ్డున బెంచీ దొరకడమే గగనం, నేనెందుకంటాను? పార్కుకు నీడ చాలు; బొటానిక్ గార్డెన్లో ఏ మొక్క ఎక్కడిదో రాసిపెట్టాలి. హౌరా మహా మర్రికి శిలీంధ్రం సోకితే 1925లో అసలు మానునే తొలగించారు. ఊడల మీదే చెట్టు నేటికీ విస్తరిస్తోంది. దాన్ని కనిపెట్టుకుని ఉండేవారి జీతాలు టికెట్ల డబ్బుతో గడవవన్నదే నా వాదన.