శనివారం ఉచితంగా దొరికినంత కాలం గడువులు తప్పుతూనే ఉంటాయి

హైదరాబాద్‌లోని మాదాపూర్‌లో అయినా నానక్‌రామ్‌గూడలో అయినా, ఒక సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు గడువు తప్పిన తరువాత జరిగే సమీక్షలో వినిపించే కారణాలు దాదాపు ఒకటే. అనుభవజ్ఞులు మధ్యలో వెళ్లిపోయారు, కొత్తవారికి పని రాలేదు, క్లయింటు చివరి నిమిషంలో మనసు మార్చుకున్నాడు, అంచనా తప్పింది. సూచించే మందులూ ఒకటే: మరో కొత్త టూల్, మరో సర్టిఫికెట్ శిక్షణ, రోజుకు ఒకటికి బదులు రెండు స్టేటస్ కాల్స్. ఆ తేదీని ఎవరు ఖాయం చేశారు, ఖాయం చేసిన రోజున చేయవలసిన పని ఎంతో వారికి తెలుసా అన్న ప్రశ్న మాత్రం ఏ సమీక్షలోనూ చర్చకు రాదు.

తెలియదన్నదే నిజం. టెండరు పిలిచినప్పుడు పోటీ కంపెనీ తొమ్మిది నెలలంటే మనం ఎనిమిది అంటాం. ఆ ఎనిమిదిని రాసేది ప్రీసేల్స్ బృందం, అంటే కాంట్రాక్టు సంపాదించడానికి అంచనాలు తయారుచేసేవారు. ఒప్పందం మీద సంతకాలు అయిన తరువాతే పని చేసే బృందాన్ని వెతకడం మొదలవుతుంది. తేదీ, ధర, పని పరిమాణం మూడింటినీ ముందే బిగించి ఇచ్చినప్పుడు ప్రాజెక్టు మేనేజరు చేతిలో కదిలించడానికి మిగిలేవి రెండే: నాణ్యత, మనుషుల నిద్ర.

ప్రభుత్వాలూ ఇందుకు మినహాయింపు కాదు. భూమి రికార్డుల, రిజిస్ట్రేషన్ల పోర్టల్ ధరణి కథ తెలంగాణ పాఠకులకు చెప్పనక్కరలేదు. 2020 సెప్టెంబరులో రిజిస్ట్రేషన్లు ఆపేశారు, అదే నెలలో కొత్త చట్టానికి శాసనసభ ఆమోదం లభించింది, దసరా నాటికి పోర్టల్ సిద్ధమన్నారు, చివరికి అక్టోబరు 29న ప్రారంభించారు. చట్టానికీ పోర్టల్‌కూ నడుమ రెండు నెలలైనా లేవు. పట్టాదారు పేరులో అక్షరదోషం, విస్తీర్ణంలో తేడా, పొరపాటున నిషేధిత జాబితాలోకి చేరిన సర్వే నంబరు వంటివాటిని సరిదిద్దే మాడ్యూళ్లు తరువాత ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. ఈలోగా రైతులు కలెక్టరేట్ల చుట్టూ తిరిగారు. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది. రాజకీయ తీర్పు సంగతి అలా ఉంచితే, ప్రాజెక్టు నిర్వహణ దృష్టితో చూసినా ఇక్కడ జరిగిన తప్పు స్పష్టం. తేదీ కదలనప్పుడు పనిలో కొంత వాయిదా వేయడం తప్పదు, కానీ భూమి రికార్డుల వ్యవస్థలో తప్పులు దిద్దే వీలును మాత్రం వాయిదా వేయకూడదు. కేంద్రం చేసిందీ ఇంతకంటే గొప్పగా లేదు. 2021 జూన్ 7న ఆరంభమైన కొత్త ఆదాయపు పన్ను పోర్టల్ మొరాయిస్తుంటే, ఆగస్టులో ఆర్థిక శాఖ దాన్ని నిర్మించిన ఇన్ఫోసిస్ సీఈఓను పిలిపించి సెప్టెంబరు 15 అని ఇంకో తేదీ చేతికిచ్చింది. తప్పిన గడువుకు మరో గడువే మందన్నమాట.

కదలని గడువును అందుకోవడం అసాధ్యమని నేను అనడం లేదు. ఈ నగరపు ఐటీ రంగం ఎదిగిందే అలాంటి ఒక గడువు మీద. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యే నాటికి అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లో పాత ప్రోగ్రామింగ్ భాష కోబాల్ నేర్చుకునేవారికి ఎదురుగా ఉన్న తేదీ 1999 డిసెంబరు 31. దాన్ని ఏ క్లయింటూ ఒక్క రోజైనా జరపలేడు. పాత ప్రోగ్రాములు సంవత్సరాన్ని చివరి రెండంకెలతోనే రాసుకునేవి కనుక 2000ను 1900గా చదివే ప్రమాదం ఉండేది. ఆ రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలకు పెంచాలంటే ప్రతి ఫైలునూ ప్రతి రికార్డునూ మార్చవలసి వచ్చేది. చాలా వ్యవస్థల్లో ఆ పని పెట్టుకోలేదు. డేటాను అలాగే ఉంచి, ఉదాహరణకు 00 నుంచి 29 వరకు కనిపిస్తే 2000 తరువాతి సంవత్సరంగానూ, 30 నుంచి 99 వరకు కనిపిస్తే 1900ల సంవత్సరంగానూ చదువుకొమ్మని ప్రోగ్రాముకు చెప్పి గట్టెక్కారు. అది శాశ్వత పరిష్కారం కాదని చేసినవారికి తెలుసు. ఏది ఇప్పుడు చేయాలి, ఏది వదిలిపెట్టాలి అన్నది కళ్లు తెరుచుకొని తీసుకున్న నిర్ణయం అది. రాత్రులు మేలుకున్న మాటా నిజమే, కానీ ఆ గడువును గెలిపించిన వాటిలో జాగారం కంటే పనిలో పెట్టిన ఈ కోత ముఖ్యమైనదని నా అభిప్రాయం.

ఆ విద్యను తరువాత మరిచిపోయాం. ఇప్పుడు ప్రాజెక్టు వెనుకబడితే వెంటనే చేసే పని బెంచ్ మీద, అంటే ఏ ప్రాజెక్టూ లేక ఖాళీగా, ఉన్నవారిని తెచ్చి అందులో వేయడం. ఐబీఎంలో ఓఎస్/360 అనే ఆపరేటింగ్ సిస్టమ్ నిర్మాణాన్ని నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్, ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు మనుషులను కలిపితే అది మరింత ఆలస్యమవుతుందని 1975లోనే తేల్చి చెప్పాడు. అయిదుగురు ఉన్న చోట పరస్పరం మాట్లాడుకోవలసిన జతలు 10. ఇరవై మందైతే 190. కొత్తగా వచ్చిన పదిహేను మందికి పని నేర్పవలసింది అప్పటికే మునిగిపోతున్న ఆ అయిదుగురే. మరోవైపు 2001లో అమెరికాలోని స్నోబర్డ్‌లో పదిహేడు మంది కలిసి రాసుకున్న, చిన్న చిన్న విడతలుగా సాఫ్ట్‌వేర్ తయారుచేయాలనే అజైల్ ప్రకటన మన కంపెనీలన్నింటికీ కంఠస్థం. ఆ పేరుతో రోజూ నిలబడి చేసే సమావేశం అమలైంది. ఎంతకాలమైనా నిలుపుకోగల వేగంతోనే పని చేయాలని ఆ ప్రకటనతోపాటు చెప్పిన సూత్రాన్ని మాత్రం ఎవరూ అమలు చేయలేదు.

గడువు లేకపోతే ఏ పనీ పూర్తికాదనీ, ఇచ్చిన సమయమంతా పని సాగుతుందనీ, మనం వద్దంటే ఆ కాంట్రాక్టు మనీలాకో వార్సాకో పోతుందనీ అవతలివారు అంటారు. యువత వారానికి 70 గంటలు పని చేయాలని 2023లో నారాయణమూర్తి ఇచ్చిన సలహా ఈ వాదానికి పరాకాష్ఠ. మొదటి మాటలో నిజముంది. గడువు లేని ప్రాజెక్టులకు మెరుగులు దిద్దడమే సరిపోతుంది. అయితే గడువు ఉండాలనడం వేరు, దాని మూల్యాన్ని ఒక్కరి చేతే కట్టించడం వేరు.

అసలు విషయం పని గంటలు నమోదు చేసే టైంషీట్‌లో ఉంది. శుక్రవారం సాయంత్రం గుర్తుచేస్తూ మెయిల్ వస్తుంది. తెరిస్తే సోమవారం నుంచి శుక్రవారం వరకు అయిదు గళ్లు, ఒక్కో గడిలో ఎనిమిది. శని, ఆదివారాల గళ్లు బూడిద రంగులో ఉంటాయి. తొమ్మిది వేస్తే కొన్ని చోట్ల సిస్టమే స్వీకరించదు. స్వీకరించినా మేనేజరు తిప్పి పంపుతాడు, ఎందుకంటే క్లయింటు బిల్లు కట్టేది వారానికి నలభై గంటలకే. నవంబరులో అమెరికాలో గడియారాలు వెనక్కి జరిగితే ఇక్కడ రాత్రి ఏడున్నర కాల్ ఎనిమిదిన్నరకు మారుతుంది; ఆ కాల్‌కు ఏ గడిలోనూ చోటు లేదు. ఇక పై అధికారులకు వెళ్లే నివేదికలో ప్రాజెక్టు రంగు పచ్చగానే, అంటే అంతా సవ్యమన్నట్టే, ఉంటుంది. బయట పచ్చన, లోపల ఎరుపు కనుక మనవాళ్లు దాన్ని పుచ్చకాయ స్టేటస్ అని పిలుచుకొని నవ్వుకుంటారు.

నవ్వుకొని వదిలేసే సంగతి కాదు ఇది. ఒక లెక్క వేసి చూద్దాం. పది మంది పన్నెండు వారాలపాటు వారానికి అరవై గంటలు పని చేసి ఒక ప్రాజెక్టును ముగించారనుకుందాం. ఖర్చయినవి 7,200 గంటలు, రికార్డులో చేరినవి 4,800. ఏడాది తరువాత అలాంటి పనికే టెండరు వస్తే ప్రీసేల్స్ బృందం పాత రికార్డు తెరిచి 4,800 అని చూస్తుంది. అనుభవం పెరిగింది కనుక పది శాతం తగ్గించమని క్లయింటు అడుగుతాడు, 4,320కి ఒప్పుకుంటారు. అవసరమైన పనిలో నూటికి అరవై వంతులకే ఒప్పందం కుదిరింది. ఆ ప్రాజెక్టు ఒక్క గీత కోడు రాయకముందే ఆలస్యమైపోయింది, ఆ సంగతి తెలుసుకునే దారిని కంపెనీ తన చేతులతోనే మూసేసుకుంది. ఇప్పుడు ఏఐ సహాయకులు వచ్చాయి కనుక సగం చాలదా అని అడిగేవారు బయలుదేరారు. దేనిలో సగమో చెప్పగల నిజమైన అంకె వారి దగ్గర లేదు.

ఇక మేనేజరు స్థానంలో నిలబడి ఆలోచించండి. గడువు దగ్గర పడింది, పని మిగిలింది. రెండు ఫీచర్లు తరువాతి విడతకు వాయిదా వేద్దామంటే క్లయింటుకు నచ్చజెప్పాలి, పై అధికారులకు వెళ్లే ఫిర్యాదును (ఎస్కలేషన్) భరించాలి, ఏడాది చివర రేటింగ్ పోగొట్టుకోవాలి. అదే బృందాన్ని శనివారం రమ్మంటే అయ్యే ఖర్చు బిర్యానీ పార్శిళ్లు, క్యాబ్ ఛార్జీలు. బుద్ధి ఉన్న ఏ మనిషైనా రెండోదే ఎంచుకుంటాడు. అతణ్ని తప్పుపట్టి లాభం లేదు. అలా ఎంచుకోవడం చవకగా ఉండేటట్టు చేసినవారిని అడగాలి.

ఆ అడగవలసిన చిరునామా సచివాలయం. దుకాణాలు, సంస్థల చట్టంలో పని గంటలకు సంబంధించినవి సహా కొన్ని సెక్షన్ల నుంచి ఐటీ కంపెనీలకు ఇచ్చిన మినహాయింపును ప్రభుత్వాలు గడువు తీరినప్పుడల్లా పొడిగిస్తూ వస్తున్నాయి. పార్టీ మారినా ఈ ఆనవాయితీ మారలేదు. 2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల పనిని అనుమతించింది. వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైం చెల్లించాలనీ, అదీ మూడు నెలలకు 144 గంటలు మించరాదనీ అందులోనే ఉంది. ఓవర్‌టైం వేతనం రెట్టింపని 1988 నాటి ఆ దుకాణాలు, సంస్థల చట్టమే చెబుతుంది. కాగితం మీద ఇంత ఉన్నా గచ్చిబౌలిలో ఓవర్‌టైం అందుకున్న సాఫ్ట్‌వేర్ ఇంజనీరును చూపించమంటే వెతకవలసిందే. గంటలు నమోదు కానప్పుడు అవి దాటాయని నిరూపించేదెవరు?

శనివారానికి రెట్టింపు వేతనం ప్రాజెక్టు ఖాతాలోంచే పోయిన రోజున, ప్రాజెక్టులు అందించే బాధ్యత ఉన్న డెలివరీ హెడ్ మొదటి వారంలోనే క్లయింటుతో కూర్చొని ఏ ఫీచరు ఆగాలో తేల్చుకుంటాడు. ప్రీసేల్స్ వారు ఎనిమిది నెలలని రాసే ముందు పని చేసేవారిని పిలిచి అడుగుతారు. ఇరవై ఏళ్ల శిక్షణ తరగతులు నేర్పలేనిది ఒక్క త్రైమాసికపు లాభనష్టాల పట్టిక నేర్పుతుంది. ఇందుకు కార్మిక శాఖ ఇంటింటికీ తనిఖీ అధికారులను పంపనక్కరలేదు. గేటు దగ్గర కార్డు గీసిన సమయం, ఇంటి నుంచి వీపీఎన్ ద్వారా కంపెనీ నెట్‌వర్క్‌లోకి వచ్చి వెళ్లిన సమయం ప్రతి కంపెనీ సర్వర్లలోనూ ఇప్పటికే ఉన్నాయి. మినహాయింపు పొడిగింపు కోరే కంపెనీ ఆ వివరాలను, పేర్లు తీసేసి, టైంషీట్ మొత్తాల పక్కన పెట్టి సమర్పించాలని ఒక్క షరతు చేర్చితే చాలు. ప్రభుత్వం తన సొంత పోర్టళ్ల టెండర్లతోనే దీన్ని మొదలుపెట్టవచ్చు. అక్కడ క్లయింటు తనే కనుక, కాంట్రాక్టు మనీలాకు పోతుందన్న భయమూ ఉండదు.