నక్షత్రాల మీదికి నెట్టిన నేరం

షేక్‌స్పియర్ ‘రోమియో అండ్ జూలియట్’ నాటకం మొదటి పద్నాలుగు పాదాల్లోనే తన ముగింపును చెప్పేస్తుంది. గ్రహబలం లేని ఇద్దరు ప్రేమికులు ప్రాణాలు విడుస్తారనీ, వారి చావుతోనే రెండు కుటుంబాల పగ చల్లారుతుందనీ తెర తీయగానే ప్రకటిస్తారు. ఆ తర్వాత జరిగేదంతా రాసిపెట్టి ఉన్నదే కదా అనిపించడం సహజం. తరగతి గదుల్లో ఈ నాటకాన్ని చెప్పే తీరు కూడా తరచుగా అక్కడే ఆగిపోతుంది: విధి బలీయమైనది, పిల్లలు అమాయకులు, అంతే. కానీ ముగింపు ముందే తెలియడం వేరు, దాన్ని ఎవరూ తప్పించలేకపోవడం వేరు. విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లో తెల్లవార్లూ హరిశ్చంద్ర నాటకం చూసే ప్రేక్షకుడికి కాటిసీను ఎలా ముగుస్తుందో చిన్నప్పటి నుంచీ తెలుసు. అయినా నిద్ర ఆపుకుని కూర్చుంటాడు. ఏ మాట దగ్గర రాజు వెనక్కి తగ్గవచ్చో, ఎందుకు తగ్గలేదో చూడాలన్నదే అతడి ఆసక్తి. వెరోనా నగరంలో జరిగే ఈ కథను కూడా అలాగే చూడాలి.

అలా చూస్తే మొదట కంటబడేది, ఈ నాటకంలో విధి మాట ఎవరు, ఎప్పుడు ఎత్తుతున్నారన్నది. శత్రువుల ఇంటి విందుకు వెళ్లేముందు రోమియో నక్షత్రాల్లో ఏదో కీడు పొంచి ఉందని శంకిస్తాడు. శంకించి కూడా వెళతాడు. జూలియట్ బంధువు టిబాల్ట్‌ను తన కత్తితోనే చంపిన మరుక్షణం, తాను అదృష్టం చేతిలో ఆటబొమ్మనయ్యానని వాపోతాడు. జూలియట్ చనిపోయిందన్న అబద్ధపు వార్త, ఆ హత్యకు బహిష్కరణ పడి తాను తలదాచుకున్న మాంటువాకు చేరినప్పుడు నక్షత్రాలనే ధిక్కరిస్తాడు. అప్పుడు పక్కనున్న సేవకుడు కాస్త ఓపిక పట్టమని బతిమాలుతున్నాడు. మఠం నుంచి ఉత్తరమేమైనా వచ్చిందా అని రోమియో రెండుసార్లు అడుగుతాడు, రాలేదనగానే విషం కొనడానికి బయలుదేరతాడు. ఒక్క రోజు ఆగడమన్న ఆలోచనే అతడికి రాదు. ఇక ఈ జంటకు రహస్యంగా పెళ్లి చేయించిన మఠవాసి లారెన్స్ సంగతి చూడండి. సమాధి గృహంలో, అతడిచ్చిన మందు మత్తు వదిలి జూలియట్ కళ్లు తెరిచినప్పుడు, మనం ఎదిరించలేని శక్తి ఏదో మన పన్నాగాన్ని చెడగొట్టిందని ఆమెకు చెప్పి, కాపలావాళ్ల అలికిడి వినగానే ఆ పిల్లను శవాల మధ్య వదిలి వెళ్లిపోతాడు. విధిని తలవని వాడు రోమియో స్నేహితుడు మెర్క్యూషియో. పొడిచినవాడెవడో, అడ్డం వచ్చినవాడెవడో అతడికి తెలుసు. అందుకే చచ్చేముందు శపించాల్సిన రెండు ఇళ్లనూ నేరుగా శపిస్తాడు. చేయాల్సింది చేసేశాక, లేదా చేయాల్సింది వదిలేశాకే విధి పేరు ఎత్తడం ఈ నాటకంలో ఆనవాయితీ.

అందని ఉత్తరం సంగతేమిటని అడగవచ్చు. లారెన్స్ ఉత్తరం పట్టుకెళ్లిన మరో మఠవాసిని, తెగులు సోకిన ఇంట్లో ఉన్నాడన్న అనుమానంతో లోపలే ఉంచి తలుపులు మూసేశారు. అది నిజంగా ఎవరి చేతిలోనూ లేని సంగతే. అయితే ఇద్దరు పిల్లల ప్రాణాలను ఒక్క ఉత్తరానికి వేలాడదీసింది తెగులు కాదు. పెళ్లి జరిగిపోయింది, చేయించినవాడు మతాచార్యుడు. ఆ ఒక్క నిజాన్ని జూలియట్ తండ్రి ముందో నగర ప్రభువు ముందో చెప్పి ఉంటే, ప్యారిస్ అనే దొరతో ఆ తండ్రి తలపెట్టిన రెండో పెళ్లి ప్రస్తావనే ఆగిపోయేది. చెబితే మొదట బోనెక్కేది తానే కాబట్టి, నలభై రెండు గంటలపాటు శవంలా పడుకోబెట్టే మందు అతడికి తేలికగా తోచింది. లారెన్స్ దుర్మార్గుడని నేను అనను. ఈ పెళ్లితో పగ చల్లారుతుందన్న ఆశ అతడికి నిజంగానే ఉంది. కానీ ఆ ఆశకయ్యే ఖర్చంతా ఆ పిల్ల చేత పెట్టించాడు.

తండ్రి కాప్యులెట్ మొదట్లో మంచివాడిలాగే కనిపిస్తాడు. ఇంకా రెండు వేసవులు పోనీ అంటాడు, కూతురి ఇష్టంలో తన ఇష్టం ఒక భాగం మాత్రమేనంటాడు. నాటకం నడిచేది ఆదివారం నుంచి గురువారం తెల్లవారుజాము వరకే. ఆ నాలుగైదు రోజుల్లో అతడి మాట ఎంత మారిందో మూడో అంకం చివరి రంగంలో తెలుస్తుంది. జూలియట్ మోకాళ్ల మీద పడి ఒక్క మాట వినమంటుంది. తండ్రి వినడు, గురువారం చర్చికి రాకపోతే మొహం చూపించవద్దని, వీధుల్లో అడుక్కుని చచ్చినా తనకు పట్టదని అరుస్తాడు. తల్లి వైపు తిరిగితే, నీతో నాకిక మాటల్లేవని ఆమె లోపలికి వెళ్లిపోతుంది. ఎత్తుకుని పెంచిన దాది మిగిలింది. ఆమె ఇచ్చిన సలహా, మొదటి మొగుడు ఊళ్లో లేడు కాబట్టి రెండోవాణ్ణి చేసుకోమని. పద్నాలుగేళ్లు నిండని పిల్లకు ఒక్క రంగంలో, ఒక్క గదిలో మూడు తలుపులూ మూసుకుపోయాయి. ఆ తలుపుల్లో ఒక్కటీ నక్షత్రాలు మూసింది కాదు.

విజయనగరంలో జీవించి రాసిన గురజాడ ఈ విషయంలో మొహమాటపడలేదు. కాసుకు లొంగి ముసలివాడికి ముడిపెట్టిన తల్లిదండ్రులు నెనరూ న్యాయం రెండూ విడిచారని ‘పూర్ణమ్మ’లో సూటిగానే చెప్పారు. అక్కడ బతికున్నప్పుడే పుత్తడిబొమ్మ అయిన పిల్లను పోగొట్టుకుంటారు. వెరోనాలో పిల్ల పోయాక పుత్తడి విగ్రహం పోయిస్తామని మాటిచ్చుకుంటారు. ఆ మాటిచ్చిపుచ్చుకోవడంలో కూడా ఇద్దరు తండ్రుల మధ్య ఎవరు ఎక్కువ పెడతారన్న పోటీ వాసన వస్తుందన్నది నా అభిప్రాయం. ‘కన్యాశుల్కం’ 1897 నాటి పీఠికలో గురజాడ ఇంకో మంచి పని చేశారు: విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాలు విజయనగరం మహారాజా వారు తీయించిన జాబితా ప్రకారం 1034 అని అంకె వేసి చూపించారు. అలా లెక్క తీసి చూపించాక అది ఫలానా పిల్ల తలరాత అనడానికి వీలుండదు.

నింద ఎవరి మీద పడుతుందన్నదే ఇక మిగిలిన ప్రశ్న. షేక్‌స్పియర్‌కు ఆధారమైన ఆర్థర్ బ్రూక్ కావ్యం 1562లో వచ్చింది. అందులో తీర్పు స్పష్టంగా ఉంది: విషం అమ్మినవాడిని ఉరితీశారు, దాదికి దేశబహిష్కారం వేశారు, మఠవాసిని వదిలేశారు, తండ్రులకు శిక్ష లేదు. షేక్‌స్పియర్ ఆ జాబితా మొత్తాన్ని తీసేశాడు. కొందరికి క్షమ, కొందరికి శిక్ష అని మాత్రం ప్రభువు చేత అనిపించి, ఎవరికి ఏదో చెప్పకుండా నాటకం ముగించాడు. విషం అమ్మినవాడు రంగం మీదికి వచ్చినప్పుడు, ఒప్పుకుంటున్నది తన పేదరికమే గానీ తన మనసు కాదని అంటాడు. నలభై డకాట్ల బంగారానికి లొంగిన ఆ మనిషిని ఉరితీస్తే కథ ముగిసినట్టా అని మనకు వదిలేసినట్టుగా నాకు కనిపిస్తుంది.

బ్రూక్ తీర్పు మన జిల్లాల్లో కొత్తేమీ కాదు. కులం కాని కులంలో మనసుపడిన జంట లేచిపోయి సింహాచలంలోనో అన్నవరంలోనో దండలు మార్చుకుంటే, ముందుగా స్టేషన్ మెట్లెక్కేది బండి ఇచ్చిన స్నేహితుడు, సాక్షి సంతకం పెట్టినవాడు, రెండు రోజులు గది చూపించినవాడు. పెద్దమనుషులు కూర్చుని తగువు తీర్చుకుంటారు. పిల్లకు ఏదైనా జరగరానిది జరిగితే, ఆ గుంట రాత అలా ఉందన్న మాట వాళ్ల నోటే వస్తుంది.

చట్టం దగ్గర ఈ రాత చెల్లదు. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం చూస్తే, పదమూడేళ్ల జూలియట్‌కు రహస్యంగా పెళ్లి చేయించిన లారెన్సూ, ప్యారిస్‌తో ముహూర్తం పెట్టిన కాప్యులెట్టూ ఇద్దరూ ముద్దాయిలే. రెండేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా. ప్రేమ పెళ్లా, పెద్దలు కుదిర్చినదా అని ఆ చట్టం అడగదు. మేజర్లయితే వేరే చిక్కు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద ముప్పై రోజుల ముందే ఇవ్వాల్సిన నోటీసును అధికారి కార్యాలయంలో అందరికీ కనబడేలా అతికిస్తారు. ఎవరి నుంచి దాక్కుని వచ్చారో వాళ్లకు కబురు చేరే దారి కూడా అదే. అందుకే దండల పెళ్లి వైపు పరుగెడతారు. ఆ తొందరను పిల్లల ఆవేశమని కొట్టిపారేసేవాళ్లు ఆ ముప్పై రోజులూ వాళ్లు ఎక్కడ తలదాచుకోవాలో కూడా చెప్పాలి.

నాటకం చివర్లో ప్రభువు తనను తాను తప్పించుకోడు. మీ గొడవలను చూసీ చూడనట్టు ఊరుకున్నందుకు నేనూ నా బంధువులను పోగొట్టుకున్నానని, అందరికీ శిక్ష పడిందని అంటాడు. అధికారంలో ఉన్నవాడి ఉపేక్షను కూడా నేరాల లెక్కలో వేసిన మాట అది. 2018లో, పరువు హత్యల మీద నడిచిన శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు అదే లెక్కను ఉత్తర్వుగా రాసింది: ఇద్దరు మేజర్లు పెళ్లాడటానికి కుటుంబం, కులం, ఊరు ఒప్పుకోవాల్సిన పనిలేదని చెప్పి, ప్రమాదం ఉందని తెలిసీ రక్షణ ఇవ్వని పోలీసు అధికారిది ఉద్దేశపూర్వక నిర్లక్ష్యమేనని, అతడి మీద శాఖాపరమైన చర్య తీసుకోవాలని ఆదేశించింది.