పనికిరాని కోడ్‌ను ఏరేసినా ప్రోగ్రామ్ ఉబ్బు ఆగదు

జెనెటిక్ ప్రోగ్రామింగ్ అంటే జీవపరిణామంలా తరతరాలుగా మంచివాటిని ఎంచి, కలిపి కంప్యూటర్ ప్రోగ్రామ్‌లను తయారుచేసే పద్ధతి. ఇందులో మొదటి తరాల్లో ఫిట్‌నెస్, అంటే ప్రోగ్రామ్ పనితీరుకు వచ్చే స్కోరు, చకచకా మెరుగుపడుతుంది. కొంతసేపటికి ఆ ఊపు తగ్గి స్కోరు దాదాపు ఉన్నచోటే ఉండిపోతుంది. ప్రోగ్రామ్‌ల సైజు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. పది గుర్తులతో తేలిపోయే సూత్రం వందలు, వేల గుర్తులకు చేరుతుంది. ఈ రంగంలో దీన్ని బ్లోట్ అంటారు. చాలామంది దీన్ని చెత్త కోడ్ పేరుకుపోవడంగా చూసి వదిలేస్తారు. నా దృష్టిలో ఇక్కడ ఫలితాన్ని కారణం అనుకుంటున్నాం.

1992లో పరిశోధకుడు జాన్ కోజా తన పుస్తకంతో ప్రాచుర్యంలోకి తెచ్చిన పద్ధతిలో ప్రతి ప్రోగ్రామూ ఒక చెట్టు: కొమ్మలు చీలే చోట కూడిక, గుణకారం లాంటి ఆపరేటర్లు, చివర ఆకుల్లో విలువలు. మంచి మార్కులు వచ్చిన రెండింటిని తీసుకుని, ఒకదాని కొమ్మ తెంచి రెండోదానికి అతికిస్తారు. ఇదే క్రాస్‌ఓవర్. అలా పుట్టిన ప్రోగ్రామ్ ఎంత సరైన జవాబిస్తోంది అన్నదాన్ని బట్టే మార్కులు. దాని పొడవు ఎంతని ఎవరూ అడగరు.

1990ల్లో బాగా ప్రచారంలోకి వచ్చిన వివరణ ఇంట్రాన్లది. జవాబును ఏమాత్రం మార్చని కోడ్‌కు జీవశాస్త్రం నుంచి తెచ్చుకున్న పేరిది. సున్నాతో గుణించే కొమ్మ ఎంత పెద్దదైనా ఫలితం సున్నాయే. తరాలు గడిచేకొద్దీ క్రాస్‌ఓవర్ వల్ల పిల్లలు తల్లిదండ్రుల కన్నా నాసిగా పుట్టడమే ఎక్కువ. అలాంటప్పుడు పనికిరాని కోడ్ ఎక్కువున్న ప్రోగ్రామ్‌కు ఒక రక్షణ దొరుకుతుంది. కోత ఆ భాగంలో పడితే పనిచేసే భాగం చెక్కుచెదరదు. వాదన బాగుంది, కొంతవరకు నిజం కూడా. కానీ 2000లో పరిశోధకుడు షాన్ ల్యూక్ ఒక కీలకమైన ఫలితం చూపించాడు. జవాబును ఎప్పటికీ మార్చలేని కోడ్‌కు వ్యాపించే అవకాశం లేకుండా చేస్తే చెట్లు పెరగడం ఆగలేదు సరికదా, ఇంకా ఎక్కువైంది. చెట్టు పెరిగింది కాబట్టే ఇంట్రాన్లు పెరిగాయని అతని వాదన.

మరి అసలు కారణం ఏమిటి? పరిశోధకులు విలియం లాంగ్డన్, రికార్డో పోలి 1997లోనే ఎంపిక వైపు వేలు చూపారు. మార్కులు చూడకుండా తల్లిదండ్రులను యాదృచ్ఛికంగా ఎంచుకుంటే మామూలు క్రాస్‌ఓవర్‌లో సగటు సైజు పెరగదు. మంచివాటిని ఎంచడం మొదలుపెట్టాకే పెరుగుతుంది. ఇందులో లెక్కల పాత్ర ఉంది. రెండేసి విలువలు తీసుకునే 10 ఆపరేటర్లతో 16,796 రకాల చెట్టు ఆకారాలు కట్టొచ్చు. 20 ఆపరేటర్లతో ఆ సంఖ్య 656 కోట్లు దాటుతుంది. ఒకే జవాబిచ్చే ప్రోగ్రామ్‌లలో పొట్టివి కొన్నే, పొడవైనవి లెక్కలేనన్ని. స్కోరు మెరుగుపడనప్పుడు, ఉన్న స్కోరును నిలబెట్టుకునే ప్రోగ్రామ్ ఎక్కడ దొరుకుతుంది? ఎక్కువున్న చోటే.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఒప్పించింది పోలి, స్టీఫెన్ డిగ్నమ్ తదితరులు 2007లో ముందుకు తెచ్చిన క్రాస్‌ఓవర్ పక్షపాత సిద్ధాంతం. క్రాస్‌ఓవర్‌లో ఒకదాని నుంచి తీసిందే ఇంకోదానికి చేరుతుంది కాబట్టి సగటు సైజు మారదు. మారేది పంపకం. మళ్లీమళ్లీ తెంచి అతికిస్తుంటే జనాభాలో మరీ చిన్న ప్రోగ్రామ్‌లు చాలా, మరీ పెద్దవి కొన్ని తయారవుతాయి. ఒకటి రెండు గుర్తులున్న ప్రోగ్రామ్ కష్టమైన సమస్యకు జవాబివ్వలేదు, కాబట్టి ఎంపికలో రాలిపోతుంది. చిన్నవి పోతే మిగిలినవాటి సగటు పెరుగుతుంది. తర్వాతి తరంలోనూ ఇదే తంతు. ఈ కథలో ఒక్క ఇంట్రాన్ కూడా అక్కర్లేదు, ఏ ప్రోగ్రామూ తనను తాను కాపాడుకోనక్కర్లేదు. ఇంత తక్కువ ఊహలతో ఇంత పెద్ద విషయాన్ని వివరించడం నిజంగా అందంగా ఉంది.

దీన్ని ఒప్పుకుంటే మందు కూడా మారాలి. చెట్టు లోతు 17 దాటకూడదన్న కోజా నాటి హద్దు నేటికీ చాలా సాఫ్ట్‌వేర్లలో కనిపిస్తుంది. కానీ హద్దు దాటిన పిల్లలను పారేసి వాటి తల్లిదండ్రులనే మళ్లీ కాపీ చేస్తే, హద్దుకు దగ్గరగా ఉన్న పెద్ద తల్లిదండ్రులకే అదనంగా చోటిచ్చినట్టవుతుంది. సైజుకు పెనాల్టీ వేయడం మేలే, కానీ ఎంత వేయాలన్నదే టెన్షన్. ఎక్కువైతే జనాభా మొత్తం పొట్టి, తెలివితక్కువ ప్రోగ్రామ్‌లతో నిండిపోతుంది. పోలి 2003లో ప్రతిపాదించిన టార్పియన్ పద్ధతి వైపే నేను మొగ్గుతాను. సగటు కన్నా పెద్దవాటిలో కొన్నింటిని యాదృచ్ఛికంగా ఎంచి, అసలు నడపకుండానే వాటికి అధమ మార్కు ఇచ్చేస్తారు. దానివల్ల పెద్దవాటికి ఎంపికలో దొరికే లాభం తగ్గుతుంది, వాటిని నడిపే సమయమూ మిగులుతుంది.

ఇదంతా కంప్యూటర్ మెమరీ గొడవ మాత్రమే అయితే ఇంత పట్టించుకోనక్కర్లేదు. జెనెటిక్ ప్రోగ్రామింగ్ ఇచ్చే గొప్ప వరం, మనిషి చదివి అర్థం చేసుకోగల సూత్రం. డేటా వెనకున్న సమీకరణాన్ని వెతికే పనుల్లో దాన్ని ఎంచుకునేదే అందుకు. అలాంటి పనుల్లో ఫిట్‌నెస్ గ్రాఫ్ ఒక్కటే చూపించి, పక్కన సైజు గ్రాఫ్ పెట్టని ఫలితాన్ని సగం ఫలితంగానే చూడాలి.