ఇంకొక్క ఏడాది చేసి మానేస్తాననే మాట గురించి

ఎప్పుడు రిటైరవ్వాలనే చర్చ ఎక్కడ జరిగినా, ఎంత సొమ్ము కూడబెట్టాలన్న దగ్గర మొదలై అక్కడే ముగిసిపోతుంది. కావలసినంత కూడిన తర్వాత కూడా "ఇంకొక్క ఏడాది చేసి మానేస్తాను" అని ఏటా అదే మాట చెప్పేవారు నాకు చాలామంది తెలుసు. వారిని ఆపుతున్నది డబ్బు కాదని నా గట్టి అభిప్రాయం. ఉద్యోగం లేని రోజును ఊహించుకోవడానికి జంకి, ఆ జంకును పైకి చెప్పుకోలేక, పొదుపు లెక్కల చాటున దాక్కుంటున్నారు.

ఒళ్లు హూనమయ్యే పని చేసి ఇక చేయలేక మానుకునేవారికీ, అప్పులు తీరక మానలేనివారికీ, ఉన్నట్టుండి ఉద్యోగం పోయినవారికీ ఈ ప్రశ్నలో ఎంచుకునే స్వేచ్ఛ లేదు కాబట్టి వారి సంగతి నేను మాట్లాడటం లేదు. చేసే పని ఇష్టం కాబట్టి ఓపిక ఉన్నంతకాలం చేస్తామనేవారితోనూ నాకు పేచీ లేదు. వారు కనీసం ఉన్నమాట చెబుతున్నారు.

లెక్కలంటే నాకు చిన్నచూపు లేదు. అమెరికాకు చెందిన ఆర్థిక సలహాదారు విలియం బెంగెన్ 1926 నుంచి ఆ దేశంలో షేర్లూ బాండ్లూ ఇచ్చిన రాబడులను పరిశీలించి 1994లో ఒక వ్యాసం రాశారు. కూడబెట్టిన మొత్తంలో మొదటి ఏడాది 4 శాతం తీసుకుని, ఆ తర్వాత ధరలు పెరిగిన మేరకు మాత్రమే పెంచుకుంటూ పోతే, చరిత్రలోని అతి గడ్డు కాలాల్లో రిటైరైనవారికి కూడా ఆ సొమ్ము 30 ఏళ్లపాటు సరిపోయేదని అందులో తేల్చారు. ఏడాది ఖర్చుకు 25 రెట్లు ఉండాలని అందరూ చెప్పే మాటకు మూలం ఇదే. తర్వాతి కాలంలో ఆ శాతాన్ని ఆయనే కొంత పెంచారు. అది అమెరికా గణాంకాల మీద కట్టిన లెక్క కాబట్టి ప్రతి దేశానికీ యథాతథంగా అతకదు. ధరలు ఏటా 6 శాతం పెరిగే చోట ఖర్చు సుమారు 12 ఏళ్లలో రెట్టింపవుతుందని గుర్తుంచుకోవాలి. అంతకంటే ముఖ్యమైనది రాబడులు వచ్చే వరుస. ఇద్దరికీ సగటు రాబడి ఒక్కటే అయినా, మానేసిన మొదటి కొన్నేళ్లలోనే మార్కెట్ పడిపోయినవాడు పడిన ధరకే అమ్ముకుని తినాల్సి వస్తుంది కాబట్టి అతని సొమ్ము ముందుగా అడుగంటుతుంది. అందుకే రెండు మూడేళ్ల ఖర్చును షేర్లలో పెట్టకుండా విడిగా ఉంచుకోమని చాలామంది సలహా ఇస్తారు.

ఇదంతా నేర్చుకోవలసిందే. అయితే ఈ లెక్కలో ఒక తిరకాసు ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఇంకో ఏడాది పనిచేస్తే పొదుపు పెరుగుతుంది, ఆ పొదుపు మీద బతకాల్సిన కాలం ఒక ఏడాది తగ్గుతుంది. రెండూ లాభమే కాబట్టి లెక్క ఏనాడూ "ఇక చాలు" అనదు, ఎప్పుడు అడిగినా "ఇంకో ఏడాది" అనే అంటుంది. మోకాళ్లు సహకరించే ఏడాదికీ, మెట్లు ఎక్కాలంటే ఆలోచించుకోవలసిన ఏడాదికీ అందులో విలువ ఒక్కటే. చాలు అనే మాట మనమే అనుకోవాలి.

పోనీ, వయసును బట్టి నిర్ణయించుకుందామంటే అదీ ప్రకృతి పెట్టిన గీత కాదు. జర్మనీలో 1889లో వచ్చిన వృద్ధాప్య పింఛను చట్టం 70 ఏళ్లను హద్దుగా పెడితే, 1916లో దాన్ని 65కు తగ్గించారు. అమెరికా 1935లో తన సామాజిక భద్రతా చట్టంలో 65నే తీసుకుంది. జర్మనీ చట్టాన్ని తెచ్చిన అప్పటి ఛాన్సలర్ (ప్రభుత్వాధినేత) బిస్మార్క్ తన వయసును చూసుకునే 65 అని పెట్టాడని ఒక కథ చెబుతారు గానీ, ఆ చట్టం వచ్చేనాటికి ఆయనకు 74 ఏళ్లు. ఖజానా ఎంత భరించగలదో చూసి ప్రభుత్వాలు గీసుకున్న గీతను మనం మన ఒంటికి కొలతగా పెట్టుకున్నాం.

ఇక అసలు భయం దగ్గరికి వస్తాను. పెద్ద హోదాలో పనిచేసి మానేసిన మనిషిని మొదటి నెలల్లో గమనించండి. పొద్దున్నే అలవాటు ప్రకారం తయారై కూర్చుంటాడు. ఫోన్ చేతిలోంచి దించడు, అది మోగదు. మోగితే ఏదో ప్రకటన. పాత కార్యాలయానికి తానే ఫోన్ చేసి "ఆ ఫైలు సంగతి ఏమైంది?" అని అడుగుతాడు, అవతలివారు మర్యాదగానే మాట్లాడి, పని ఉందని పెట్టేస్తారు. నిన్నటిదాకా తన సంతకం లేనిదే కదలని పని తాను లేకుండా నడుస్తోందని తెలియడం చాలామందికి జీతం ఆగిపోవడం కంటే పెద్ద దెబ్బ. 1967లో హోమ్స్, రాహే అనే వైద్యులు మనిషిని ఒత్తిడికి గురిచేసే జీవిత ఘటనలకు మార్కులు వేసి తయారుచేసిన 43 అంశాల జాబితాలో రిటైర్‌మెంట్ పదో స్థానంలో ఉంది. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ అచ్లీ ఈ దశలను 1970ల్లోనే వివరించారు: మొదట సెలవులు దొరికినంత సంబరం, ఆ తర్వాత నీరసం, ఆపైన రోజును కొత్తగా అమర్చుకోవడం. అందరూ ఇదే వరుసలో నడవరు గానీ, ఆ నీరసాన్ని చూసి రిటైరవడమే పొరపాటని తీర్మానించుకునేవారికి అది దాటిపోయే దశ కూడా కావచ్చని తెలియడం మంచిది.

నాకు ఎక్కువ చిరాకు తెప్పించేది మరొకటి. ఇంట్లో ఉండే మనిషి అభిప్రాయం ఈ చర్చలో ఎక్కడా వినిపించదు. పగటిపూట ఇంటికి ఒక వేళాపాళా ఉంటుంది. ఏ పని ఎప్పుడో, ఏ గది ఎవరిదో, ఏ గంటలో ఎవరూ పలకరించకూడదో ఎన్నో ఏళ్లుగా కుదురుకుని ఉంటుంది. అందులోకి ఒక పెద్దమనిషి వచ్చి కూర్చుని, వంటింటి డబ్బాల అమరికలో లోపాలు ఎంచి, "ఎక్కడికి? ఎప్పుడొస్తావు?" అని అడగడం మొదలుపెడితే, ఆయనకు అది ఊసుపోక, ఆమెకు అది కొత్త పైఅధికారి.

కాబట్టి "ఇంకొక్క ఏడాది" అనేవారిని నేను ఒకటే అడుగుతాను. ఆ ఏడాది పెంచే సొమ్ముతో మీ జీవనంలో ఏ ఒక్కటి మారుతుందో పేరు పెట్టి చెప్పగలరా? చెప్పగలిగితే తప్పక చేయండి. చెప్పలేకపోతే అవకాశం చూసుకుని ఒక నెల సెలవు పెట్టండి, ప్రయాణాలు మాత్రం పెట్టుకోకండి. ఇంట్లోనే ఉండి, రాబోయే పింఛను మేరకే ఖర్చు చేస్తూ, కార్యాలయం ఫోన్లు ఎత్తకుండా గడపండి. మొదటి వారం విశ్రాంతిగా గడిచిపోతుంది కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. మూడో వారంలో మధ్యాహ్నాలు ఎలా గడుస్తున్నాయో మీరు చూసుకోండి, నెల చివర ఇంట్లోవారిని కూడా అడగండి.