కాన్షస్ అండ్ కోహిరెంట్

మన ఆసుపత్రుల సాహిత్యంలో అత్యధిక ప్రతులు అచ్చయిన వాక్యం ఒకటుంది. "పేషెంట్ కాన్షస్ అండ్ కోహిరెంట్, వైటల్స్ స్టేబుల్, డిశ్చార్జ్‌డ్ ఇన్ స్టేబుల్ కండిషన్." అంటే రోగి స్పృహలో ఉన్నాడు, పొంతనగా మాట్లాడుతున్నాడు, నాడి, బీపీ నిలకడగా ఉన్నాయి, ఇంటికి పంపించాం అని. బైకు మీంచి ఎగిరి డివైడర్‌కి తల కొట్టుకున్నవాడికీ ఇదే, అపెండిక్స్ తీయించుకున్నవాడికీ ఇదే. కాపీ, పేస్టు. ఒక్కోసారి పక్క మంచం పేషెంటు వయసుతో సహా. ఈ వాక్యకర్తకు ఇప్పటిదాకా ఏ అకాడమీ పురస్కారమూ రాకపోవడం అన్యాయం.

పైగా అందులో అబద్ధం లేదు. ఇంటికి పంపిన పొద్దున ఆ తల కొట్టుకున్నవాడు కళ్లు తెరిచాడు, పేరు చెప్పాడు, చెయ్యెత్తమంటే ఎత్తాడు. గ్లాస్గో కోమా స్కేల్ మీద 15కి 15. 1974లో గ్లాస్గోలోని ఇద్దరు న్యూరోసర్జన్లు మనిషి స్పృహ ఏ మాత్రం ఉందో కొలవడానికి తయారుచేసిన లెక్క అది. కళ్లకు 4, మాటకు 5, కదలికకు 6. అసలేమీ చేయకపోయినా ఒక్కోదానికి ఒకటి ఇవ్వాల్సిందే కాబట్టి శవానికైనా 3 ఖాయం. ఇంత ఉదారమైన పరీక్షలో ఫస్టు క్లాసు తెచ్చుకున్నవాడు రేపు చిట్టీ లెక్కలు కూడగలడా, పిల్లల మీద చెయ్యి చేసుకోకుండా ఉండగలడా అన్నవి సిలబస్‌లో లేవు. కానీ ఇన్సూరెన్స్ కంపెనీ వకీలు ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్లో ఆ 15నే పట్టుకుంటాడు. దాని వెనకే సీటీ స్కాన్ నార్మల్ అన్న కాగితం తీస్తాడు. సీటీ చూసేది రక్తం గడ్డకట్టిందా, పుర్రె చిట్లిందా అని, అర్జెంటుగా ఆపరేషన్ చేయాలా వద్దా తేల్చడానికి. మెదడు లోపలి సన్నని తంతువులు తెగితే సీటీలో తరచూ కనపడవు. ఎంఆర్‌ఐలో ఎస్‌డబ్ల్యూఐ అనే సీక్వెన్స్ కూడా రాయించుకుంటే చిన్న చిన్న రక్తపు మచ్చలు బయటపడే అవకాశం ఉంది. అదీ శుభ్రంగా వచ్చినా దెబ్బ లేదని కాదు. ఇది వకీలుకు తెలియదనుకోకండి.

ఇక ముక్కు సంగతి. క్యాజువాలిటీలో ముక్కుకి చాలా పని ఉంటుంది. డాక్టరుగారి ముక్కుకి. మోసుకొచ్చిన మనిషి నోటి దగ్గర వంగి చూసి, మందు వాసన వస్తే పోలీసు కేసుల వివరాలు రాసే ఎంఎల్‌సీ రిజిస్టర్‌లో మొదటి లైన్లోనే ఎక్కిస్తారు. పేషెంటు ముక్కు పనిచేస్తోందా అని అడిగిన పుణ్యాత్ముడు అరుదు. తల గట్టిగా కుదిపినప్పుడు, ముక్కు పైన జల్లెడలా ఉండే ఎముకలోంచి దిగే వాసన నరాలు తెగిపోతుంటాయి. కేస్ షీట్‌లో మాత్రం "క్రేనియల్ నర్వ్స్ నార్మల్." అంటే మెదడు నుంచి నేరుగా వచ్చే నరాలన్నీ బాగున్నాయని. ఆ పన్నెండు జతల్లో మొట్టమొదటిదే ఈ వాసన నరం. దాన్ని పరీక్షించడానికి కావలసిన అత్యాధునిక పరికరాలు: చిటికెడు కాఫీ పొడి, ఒక లవంగం. కళ్లు మూయించి, ఒక ముక్కు మూసి రెండోదానికి చూపించాలి. బామ్ పెట్టి చూడకూడదు. ఆ ఘాటు ఇంకో నరం పట్టేస్తుంది, వాసన పూర్తిగా పోయినవాడు కూడా "ఆఁ, తెలుస్తోంది" అంటాడు.

టిఫిన్ సెంటర్ మాస్టర్‌కి వాసన పోయిందనుకోండి. తిరగమోత మాడినా తెలియదు, గ్యాస్ లీకైనా తెలియదు. వైకల్య శాతం? సున్నా. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాలున్నాయి, వాసనకు చోటులేదు. తలగాయానికే సొంత పేరుతో గది లేదు. దీర్ఘకాలిక నరాల జబ్బు కిందో, మానసిక అనారోగ్యం కిందో అద్దెకు దూరాలి. మాట పడిపోతే అదృష్టం, దానికి విడిగా ఒక గది ఉంది.

అలా దూరడానికే మెడికల్ బోర్డు. వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపులో స్లాట్ దొరికి, చెట్టు కింద మూడు గంటలు నిలబడ్డాక ఈ నాటకం మొదలవుతుంది.

"ఏమయ్యా, మతిమరుపు ఎప్పట్నుంచి?"

"గుర్తులేదు సార్."

"ఏమేం మర్చిపోతుంటావు? వరసగా చెప్పు."

అతను నిజాయితీగా ఆలోచిస్తాడు. ఒక్కటీ తట్టదు. "ఏం లేదు సార్, బాగానే ఉన్నా." మెదడు ముందు భాగం దెబ్బతిన్నవాడికి తనలో లోపం ఉందన్న ఎరుకే పోవచ్చు. ఇది పాఠ్యపుస్తకంలో ఉంది. బోర్డు కాగితంలో "నో కంప్లైంట్స్" అని ఉంటుంది.

"సార్, మా ఆయన పొయ్యి మీద పాలు పెట్టి..."

"నువ్వుండమ్మా. పేషెంటునే చెప్పనీ. ఇవాళ ఏ వారం?"

మంగళవారం. క్యాంపు మంగళవారమని బస్సులో ఆవిడ నాలుగుసార్లు చెప్పింది మరి.

"వందలోంచి ఏడు తియ్యి."

"తొంభై మూడు."

"గుడ్." అక్కడితో ఆపేస్తారు. అసలు పరీక్ష అక్కణ్నుంచే మొదలవుతుంది, అలా ఐదుసార్లు తీసుకుంటూ పోవాలి. మూడోసారికి అతను ఎక్కడున్నాడో అతనికే తెలియదు. కానీ బయట ఇంకా అరవై మంది ఉన్నారు.

"నడువు." నడిచాడు. "సరే, ఒరిజినల్స్ ఏవి?"

ఫైలు బస్సులో ఉంది. నేనే పట్టుకుంటానని పట్టుబట్టి తీసుకున్నాడు, దిగేటప్పుడు సీట్లో వదిలేశాడు. బోర్డువారికి కోపం వస్తుంది. "ఇంత ముఖ్యమైన కాగితాలు ఎలా మర్చిపోయావయ్యా? ఈసారి గుర్తుపెట్టుకుని రా!" ఆ నోటితో అలా అంటూనే ఆ చేత్తో "మెమరీ ఇంటాక్ట్" అని రాస్తారు.

దాని తర్వాత మెల్లగా ఒక మాట వస్తుంది. "డబ్బుల కోసం నటిస్తున్నాడేమో." భార్య ఎదుటే అంటారు. రాత్రి మూడింటికి లేచి గేటు తాళం పదకొండోసారి లాగి చూసే మనిషి ఎవరి కోసం నటిస్తున్నాడండీ? పిల్లది గ్లాసు జారవిడిస్తే కంచం విసిరికొట్టాడు. ఆ వంటింట్లో జడ్జి ఉన్నాడా? నటనో కాదో తేల్చడానికి పరీక్షలున్నాయి. ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టు గంటల తరబడి, ఒక్కోసారి రెండు విడతలుగా ఏకాగ్రత, జ్ఞాపకశక్తి, ప్రణాళిక అన్నీ చూస్తారు. కావాలని తప్పు చెబుతున్నాడా అన్నది కూడా అందులోనే పట్టుబడుతుంది. రెఫరల్ రాయడానికి ఒక్క లైను చాలు. ఆ లైను రాయరు, తీర్పు మాత్రం చెప్పేస్తారు. మనిషిని కడుపున పెట్టుకుని మోస్తున్న ఇల్లాలిని దొంగసాక్షిని చేసి పంపడానికి సిగ్గుండాలి.

చట్టానికీ తొందరే. మెదడు ఎక్కడికి కుదురుకుంటుందో తెలియడానికి ఏడాది పట్టవచ్చు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ మాత్రం పరిహారం దరఖాస్తు ఆరు నెలల్లో వేయమంది. కాబట్టి దరఖాస్తు ముందు పడాలి, రుజువులు పోగవుతూ ఉండాలి. దెబ్బ తగిలాక మళ్లీ జ్ఞాపకాలు వరసగా నిలవడానికి ఎన్ని రోజులు పట్టిందో వార్డులో ఉండగానే డ్యూటీ డాక్టరుతో రాయించాలి. స్పృహ వచ్చిన రోజు, జ్ఞాపకం నిలిచిన రోజు ఒకటి కావు. తర్వాత ప్రతి ఓపీ చీటీ మీద తలనొప్పి, కోపం, వాసన అన్నీ ఎక్కాలి. చీటీ మీద లేనిది జరగనట్టే. ఫిట్స్ మందు లెవిటిరాసిటమ్ వాడుతుంటే కోపానికి అదీ కారణం కావచ్చు, ఆ ప్రశ్న అడిగి జవాబు కూడా రాయించుకుంటే వకీలుకి ఒక దారి మూసుకుపోతుంది. ఇంట్లో తేదీలతో నోటుబుక్కు, యజమాని దగ్గర ముందు జీతం, తర్వాత జీతం, చేయలేకపోతున్న పని రాసిన ఉత్తరం ఉండాలి.

ఎందుకంటే రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. ఎడమ చెయ్యి పోతే వైకల్యం 60 శాతం కావచ్చు, కానీ డ్రైవర్‌కో వడ్రంగికో సంపాదన దాదాపు నూరు శాతం పోతుంది, సర్కారు గుమాస్తాకి ఉద్యోగం పోకపోవచ్చు. శాతం వేరు, బతుకు నష్టం వేరు. వైద్యం చేయని డాక్టర్లు ఇచ్చే రెడీమేడ్ సర్టిఫికెట్లతో జాగ్రత్త అని కూడా అదే తీర్పు ట్రిబ్యునళ్లను హెచ్చరించింది. అందుకే వైద్యం చేసిన డాక్టరే రాయాలి, వచ్చి సాక్ష్యమూ చెప్పాలి. ఆయన రాసింది ఏ వాక్యమో ఇప్పటికే మనవి చేశాను.

అయినా మొత్తం కేస్ షీట్ అడగండి, డిశ్చార్జి సమ్మరీతో సరిపెట్టుకోకండి. నర్సుల నోట్సు అందులోనే ఉంటాయి. "పేషెంట్ కన్‌ఫ్యూజ్డ్, సెలైన్ పీకేశాడు" అని రాత్రి డ్యూటీ సిస్టర్ రాసిన లైను పొద్దున రౌండ్స్ వాక్యం కంటే వందరెట్లు విలువైంది. మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి, మూడేళ్లు దాచాలి. ట్రిబ్యునల్లో మీ వంతు వచ్చేసరికి ఆ మూడేళ్లు దాటిపోవచ్చు కాబట్టి ఇప్పుడే వెళ్లండి. అర్జీ రెండు కాపీలు, ఒకదాని మీద తేదీ, సీలు. రికార్డు రూములో ఆయన కళ్లజోడు పైనుంచి చూసి "ఎందుకమ్మా, కేసేస్తారా?" అంటాడు.

అవునని చెప్పండి.