అతి పలుచని మెకానికల్ వాచీ గారి సముఖానికి

మహారాజశ్రీ అతి పలుచని మెకానికల్ డ్రెస్ వాచీ గారి దివ్యసముఖానికి, బెజవాడ నుంచి ఒక సామాన్యుడు అనేక నమస్కారాలతో రాసుకునే విన్నపం.

తమరు ఎక్కడో చల్లటి దేశంలో, అద్దాల బీరువాలో, వెల్వెట్ దిండు మీద క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మా క్షేమం అంత చెప్పుకోదగ్గట్టు లేదు. "మీరడిగిన స్లిమ్ ఆటోమేటిక్ వచ్చేసింది సార్, శనివారం రండి" అని బీసెంట్ రోడ్డులో ఒక షాపాయన ఫోన్ చేస్తే నమ్మి వెళ్లాను. అడ్వాన్సు ముందే కట్టించుకున్నాడు. తీరా వెళ్తే సరుకు తెచ్చే కుర్రాడు భోజనానికి పోయాడన్నాడు. ఆ భోజనం ఏ ఊరి పెళ్లిలోనో గానీ, మే నెల ఎండలో, ఫ్యాను గాలి తగలని స్టూలు మీద నా మధ్యాహ్నమంతా చెమటకే సరిపోయింది. చివరికి డబ్బా విప్పారు. ఆటోనగర్‌లో లేత్ పని చేసే మా బావమరిది దగ్గర అరువు తెచ్చుకున్న వెర్నియర్ కాలిపర్ తీసి కొలిచాను. మందం 12.5 మిల్లీమీటర్లు. "స్లిమ్ అన్నారు కదండీ?" అంటే, "స్లిమ్మే సార్, బెల్టు చూడండి ఎంత పలుచగా ఉందో" అన్నాడు. అడ్వాన్సు తిరిగివ్వరట. దానికి బదులు కావాలంటే గోడ గడియారం తీసుకోమన్నాడు. కొలిస్తే అదే కాస్త నయంగా ఉండేదేమో.

అయ్యా, నేను కోరుకున్నది పెద్ద విషయమేం కాదు. ఫుల్ హ్యాండ్స్ చొక్కా గుండీ పెట్టుకుంటే తమరు లోపలికి జారి కూర్చోవాలి. చెయ్యి కాస్త చాపితే బయటికొచ్చి టైము చెప్పాలి. మళ్లీ లోపలికి పోవాలి. నా డబ్బుకి దొరికేవి పెట్టుకుంటే చొక్కా చేతి కింద గారె దాచుకుని పెళ్లికొచ్చినట్టుంటుంది. ఆ డబ్బెంతంటారా, 25 వేలు. ఇంట్లో తెలియకపోతే 30 దాకా సాగుతుంది.

ఈ ధరలో కనబడే ఆటోమేటిక్ వాచీల్లో, అంటే చెయ్యి కదిలితే తమంతట తామే కీ ఇచ్చుకునే వాటిల్లో, చాలావాటి కడుపులో సీకో వాళ్ల ఎన్‌హెచ్35 మెషీన్ ఉంటుంది. మొండి ఘటం, మంచిదే, కాదనను. కానీ ఆ మెషీన్ ఒక్కటే 5.32 మిల్లీమీటర్లు. దాని మీద డయల్, డయల్ మీద ముళ్లు, ముళ్లు తగలకుండా కాస్త ఖాళీ, ఆపైన అద్దం, కింద మూత. ఇక గుండీ ఎక్కడ పడుతుంది? మియోటా 9015 అనే ఇంకో మెషీన్ అయితే 3.9 మిల్లీమీటర్లే కదా అని ఆశపడతాం. ఆ మిగిలిన జాగాలో ఉబ్బెత్తు అద్దం ఒకటి బిగించి, లోపలి చక్రాలు చూసుకోమని వెనక కూడా గాజు మూత పెట్టి పంపిస్తారు. పెళ్లి పందిట్లో వాచీ విప్పి, తిరగేసి, చక్రాలు చూసుకుంటూ కూర్చోవాలా నేను?

చేతకాక అనుకుందామా అంటే అదీ కాదు. మన ప్రకాశం బ్యారేజీ పూర్తయిన 1957లోనే పియాజే అనే స్విస్ వాచీ కంపెనీ వాళ్లు కీ ఇచ్చే 9పి మెషీన్‌ని 2 మిల్లీమీటర్లలో చేసి చూపించారు. 2024లో కాన్‌స్టాంటిన్ చైకిన్ అనే రష్యా ఆయన మెషీనేం ఖర్మ, మొత్తం వాచీనే 1.65 మిల్లీమీటర్లకి దించాడు. పలుచబడే కొద్దీ చక్రాల మధ్య సందు తగ్గిపోతుంది, స్ప్రింగుకి బలం చాలదు, వెనక మూత కాస్త ఒంగినా లోపల రాసుకుంటుంది. అందుకని యంత్రం చేసి పడేస్తే సరిపోదు, చెయ్యి తిరిగిన మనిషి కూర్చుని సరిచెయ్యాలి, ఆ మనిషికి స్విస్ జీతం ఇవ్వాలి. ఇదంతా నాకు తెలుసు. సరుకు తగ్గేకొద్దీ బిల్లు పెరిగే వ్యాపారం తమరిదొక్కటే అని కూడా తెలుసు. ఓర్చుకున్నాను.

నేను ఓర్చుకోలేనిది వేరే ఉంది. మందం ఎంతో చెప్పరేమండీ?

వాచీ అడ్డం కొలత చెబుతారు. బెల్టు వెడల్పు చెబుతారు. బెల్టు ఏ దేశపు దూడ తోలో కూడా చెబుతారు. 30 మీటర్ల లోతు నీళ్లని తట్టుకుంటుందని గొప్పగా రాసి, ఈతకి మాత్రం పెట్టుకోవద్దని కింద చిన్న అక్షరాల్లో రాస్తారు (బెజవాడ చెమట సంగతి ఏ అక్షరాల్లోనూ రాయరు). మందం దగ్గరికొచ్చేసరికి అందరికీ నోరు పడిపోతుంది. ఎప్పుడో ఒకడు దయతలచి 9.8 అని రాస్తాడు. మురిసిపోయి చూస్తే, అద్దం కాకుండా 9.8! అద్దం లేకుండా పెట్టుకోమంటావా నన్ను? పోనీ ఫోటోలన్నా చూద్దామంటే పదీ పన్నెండు ఉంటాయి. అన్నీ ఎదురుగా నిలబడి తీసినవే. పక్కనుంచి ఒక్కటి ఉండదు. పెళ్లి సంబంధానికి పంపే ఫోటోల్లో కూడా ఇంత జాగ్రత్త చూడలేదు నేను.

షాపుల్లో అడిగితే మందం ఎందుకు సార్ అంటారు. కాలిపర్ బయటికి తీస్తే తూనికలు కొలతల శాఖ వాడేమోనని ఎగాదిగా చూస్తారు. ఒక కుర్రాడైతే బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి తెచ్చి "ఇంతే ఉంటుంది సార్" అన్నాడు. వెయ్యిలో వంతు పొరపాటు రానివ్వం అని చెప్పుకునే జాతి మీది. ఆ వేళ్ల సందు కొలిచి కొనుక్కోవాలా?

ఇక గారూ గీరూ నా వల్ల కాదు. నువ్వు ఒకప్పుడు ఉండేదానివి! గుంటూరు బ్రాడీపేటలో మా పెదనాన్న బడిపంతులు జీతంతో హెచ్ఎంటీ సోనా కొనుక్కున్నాడు. పొద్దున్నే కాఫీ తాగుతూ కీ ఇచ్చేవాడు. కీ ఇచ్చే వాచీ కాబట్టి, ఆటోమేటిక్‌లో కీ తిప్పడానికి వెనకాల గిరగిరా తిరిగే బరువు దీనికి లేదు, ఆ బరువు లేదు కాబట్టి ఆ మందమూ లేదు. ఇంత సులువు. 1961లో జపాన్ సిటిజన్ వాళ్ల సాయంతో బెంగళూరులో మొదలుపెట్టి మనవాళ్లు బళ్లకొద్దీ చేసిన వాచీలు అవి. 2016లో మూసేస్తున్నామని సర్కారు ప్రకటించేసింది. ఇప్పుడు ఆన్‌లైన్‌లో సోనా అని వెతికితే గులాబీ రంగు, చిలకపచ్చ రంగు కొత్తగా పూసిన డయళ్లు కనిపిస్తాయి. మా పెదనాన్న చూస్తే గుర్తుపట్టడు.

మరి ఇప్పుడు కీ వాచీ చెయ్యరేం అంటే, జనానికి కీ ఇచ్చే ఓపిక లేదట. ఎవరు చెప్పారు? రోజూ రాత్రి సెల్‌ఫోను చార్జింగ్‌కి పెట్టేది ఎవరు, నీ తాతా?

సెల్లు వాచీ, అదే బ్యాటరీది, కొనుక్కోమంటారు. టైటాన్ ఎడ్జ్ 2002లోనే 3.5 మిల్లీమీటర్లకి వచ్చిందని నాకూ తెలుసు. నాకు సెల్లు వద్దు. ఎందుకని అడక్కు. మా ఆవిడ అడిగి అడిగి మానేసింది.

కాబట్టి చివరిసారి చెబుతున్నా. తేదీ పీకెయ్యి, ఫోనులో చూసుకుంటాను. సెకన్ల ముల్లు కూడా పీకెయ్యి, రైలు నడిపే ఉద్యోగం కాదు నాది. వెనక గాజు వద్దు, మామూలు స్టీలు మూత చాలు. అద్దం చదునుగా పెట్టు. అద్దంతో సహా 8 మిల్లీమీటర్లకి దిగు. కీ నేనిస్తాను, జ్వరమొచ్చినా ఇస్తాను. డబ్బా మీద మందం పెద్ద అంకెల్లో వేసి, పక్కనుంచి తీసిన ఫోటో ఒక్కటి పెట్టు. 30 వేలు బీరువాలో చీరల కింద ఉన్నాయి. దసరాకి మా ఆవిడ బీరువా సర్దుతుంది. ఆలోగా రా.

ఇట్లు,
ఎడమచేతి గుండీ పెట్టుకోలేని
గవర్నరుపేట వాసి