మాంచెస్టర్ లేచి నిలబడింది, మరి అక్కడ ఫ్లాట్ కొన్నవాళ్ల మాటేంటి?

మాంచెస్టర్‌లో ఇల్లు కొనాలని చూస్తున్న తెలుగువాళ్లు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. ఐటీలో, ఎన్‌హెచ్‌ఎస్ ఆసుపత్రుల్లో కుదురుకున్నవాళ్లు, చదువుకోడానికి వచ్చి ఉద్యోగం దొరికి ఉండిపోయినవాళ్లు, లండన్ ధరలు అందక ఉత్తరానికి వచ్చేసినవాళ్లు, అందరి నోటా ఒకటే మాట: సిటీ దూసుకుపోతోంది, ఇప్పుడు ఫ్లాట్ తీసుకుంటే రేటు పెరుగుతుంది. మొదటి మాట నిజమే. దాని వెనకాలే రెండోది కూడా వచ్చేస్తుందనుకోవడం దగ్గరే చిక్కంతా ఉంది. ఒక నగరం పడి లేచినప్పుడు పెరిగే విలువలో ఎక్కువ భాగం ముందుగా నేల చేతిలో ఉన్నవాడికి పోతుంది. చివర్లో వచ్చి ముప్పయ్యో అంతస్తులో ఫ్లాట్ కొన్నవాడికి మిగిలేది తక్కువ, మోయాల్సింది ఎక్కువ.

ఈ ఊరు ఎంత కిందినుంచి లేచిందో ముందు చూడాలి. స్వదేశీ ఉద్యమంలో మనవాళ్లు నడివీధిలో కుప్పపోసి తగలబెట్టిన సీమ గుడ్డలో చాలాభాగం మాంచెస్టర్ చుట్టుపక్కల మిల్లుల్లో నేసిందే. ఆంకోట్స్ అనే పేటలో 1790ల చివర్లో మొదలైన మర్రేస్ మిల్స్ ఇప్పటికీ నిలబడి ఉన్నాయి, కాకపోతే లోపల నూలు వడికే యంత్రాల చప్పుడుకి బదులు అపార్ట్‌మెంట్లు. 1931లో ఏడున్నర లక్షలు దాటిన నగర జనాభా ఈ శతాబ్దం మొదలయ్యేసరికి దాదాపు నాలుగు లక్షలకు పడిపోయింది. మిల్లులు పోయాయి, నగరంలోనే ఉన్న బ్రాడ్‌ఫర్డ్ బొగ్గు గని 1968లో మూతపడింది, పక్కనే ఉన్న సాల్ఫర్డ్ రేవు 1982లో ఆగిపోయింది. 1990 ప్రాంతంలో సిటీ సెంటర్‌లో కాపురం ఉన్నవాళ్లు కొన్ని వందల మందే. అక్కణ్నుంచి 1992లో ట్రాములు, 1996 జూన్‌లో ఐరిష్ సాయుధ సంస్థ ఐఆర్ఏ పెట్టిన బాంబు పేలాక నగరం నడిబొడ్డును మళ్లీ కట్టడం, 2002 కామన్‌వెల్త్ క్రీడలు, పాత రేవు నేల మీద మీడియాసిటీ అనే స్టూడియోల సముదాయం, 2011లో అక్కడికి బీబీసీ తరలిరావడం, ఇలా ఒకదాని వెంట ఒకటి. 2021 జనాభా లెక్కల్లో మళ్లీ ఐదున్నర లక్షలు. దీన్ని తక్కువ చేసి మాట్లాడటం నాకిష్టం లేదు, ఇలా కోలుకున్న పారిశ్రామిక నగరాలు ప్రపంచంలో ఎక్కువేం లేవు.

కానీ ఈ కోలుకోవడంలో పెరిగిన విలువ ఎవరికి చేరిందో చూడండి. 2014లో నగర కౌన్సిల్, అబుదాబి యునైటెడ్ గ్రూప్ కలిసి మాంచెస్టర్ లైఫ్ అనే ఉమ్మడి సంస్థ పెట్టి ఆంకోట్స్, న్యూ ఇజ్లింగ్టన్‌లలో పెద్ద ఎత్తున ఇళ్లు కట్టాయి. ప్రజల భూమి చౌకగా పోయిందని షెఫీల్డ్ యూనివర్సిటీ పరిశోధకులు 2022లో రిపోర్టు ఇచ్చారు, కౌన్సిల్ కాదంది. ఆ వాదన ఎటు తేలినా మనకు పనికొచ్చే విషయం ఒకటుంది. పాడుబడ్డ నేల పనికొచ్చే నేల అయినప్పుడే అసలు పెరుగుదల జరిగిపోతుంది. ఆ తర్వాత బ్రోషర్ మీద అచ్చయ్యే ధరలో రాబోయే ట్రామ్ స్టాప్, పక్కన రాబోయే పార్కు, కెనాల్ ఒడ్డున రాబోయే కాఫీ షాపు అన్నీ కలిపే ఉంటాయి. మనం భవిష్యత్తును ముందే డబ్బిచ్చి కొంటున్నాం. గత పదేళ్లలో ఇంగ్లండ్ మొత్తమ్మీద ఫ్లాట్ల ధరలు మామూలు ఇళ్ల ధరలంత వేగంగా పెరగలేదు, అదీ గుర్తుంచుకోవాలి.

హైదరాబాద్‌లో అయినా విజయవాడలో అయినా ఫ్లాట్ కొనేటప్పుడు మనం వేసే మొదటి ప్రశ్న "ఎన్ని గజాలు వస్తాయి?" అని. ఇక్కడ దానికి జవాబు: సున్నా. ఇంగ్లండ్‌లో ఫ్లాట్ అంటే దాదాపు ఎప్పుడూ లీజ్‌హోల్డే. నేల, గోడలు, పైకప్పు అసలు యజమాని అయిన ఫ్రీహోల్డర్‌వి. మనకు వచ్చేది 125 ఏళ్లో, 250 ఏళ్లో, 999 ఏళ్లో అందులో ఉండే హక్కు. 2000 ప్రాంతంలో 125 ఏళ్ల లీజుతో కట్టిన బిల్డింగుల్లో ఇప్పటికే పాతికేళ్లు కరిగిపోయాయి, మిగిలింది 80 ఏళ్ల కిందికి దిగితే పొడిగించుకోడానికి అయ్యే ఖర్చు ఒక్కసారిగా పెరుగుతుంది, అంతకు చాలా ముందునుంచే కొనేవాళ్లు వెనకాడతారు. 2022 జూన్ 30 నుంచి రాసిన కొత్త లీజుల్లో గ్రౌండ్ రెంట్, అంటే ఫ్రీహోల్డర్‌కి ఏటా కట్టే నేల అద్దె, లేకుండా చట్టం వచ్చింది, సంతోషం. అంతకుముందు లీజులకు అది వర్తించదు. పదేళ్లకోసారి గ్రౌండ్ రెంట్ రెట్టింపయ్యే లీజులు కూడా ఉన్నాయి, వాటి జోలికి వెళ్లకండి, ఫ్లాట్ ఎంత బాగున్నా సరే.

ఇక సర్వీస్ ఛార్జ్. మన అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లాంటిదే కదా అనుకుంటారు, కాదు. మన దగ్గర అసోసియేషన్ మీటింగ్‌లో గొడవపడి అయినా వాచ్‌మన్‌ని మార్చొచ్చు, లిఫ్టు కాంట్రాక్టు మార్చొచ్చు. ఇక్కడ చాలా బిల్డింగుల్లో మేనేజింగ్ ఏజెంట్‌ని పెట్టేది ఫ్రీహోల్డర్, బిల్లు కట్టేది మనం. ఎత్తయిన టవర్‌లో జిమ్, రిసెప్షన్, నాలుగైదు లిఫ్టులు, బిల్డింగ్ ఇన్సూరెన్స్, వీటన్నిటి ఖర్చు ఏటా పెరుగుతూ పోతే ఆ బరువు ఫ్లాట్ రీసేల్ ధర మీద పడుతుంది. ఎందుకంటే తర్వాత కొనేవాడు కూడా నెలకు ఎంత కట్టాలో లెక్క వేసుకునే వస్తాడు.

దీనికి చట్టంలో ఒక మందు ఉంది. 2002 చట్టం ఇచ్చిన రైట్ టు మేనేజ్ ప్రకారం ఫ్లాట్ల యజమానులు ఒక కంపెనీగా ఏర్పడి, ఫ్రీహోల్డర్ తప్పు చేశాడని నిరూపించకుండానే నిర్వహణను తమ చేతిలోకి తీసుకోవచ్చు. షరతు ఏమిటంటే బిల్డింగ్‌లో కనీసం సగం ఫ్లాట్ల వాళ్లు చేరాలి. మాంచెస్టర్ టవర్ల కథ ఇక్కడే అడ్డం తిరుగుతుంది. ఈ ఫ్లాట్లలో చాలావాటిని ఇటుక కూడా పడకముందే హాంకాంగ్, సింగపూర్ లాంటి చోట్ల హోటళ్లలో స్టాల్స్ పెట్టి పెట్టుబడిదారులకు అమ్మారు. మూడొందల ఫ్లాట్ల బిల్డింగ్‌లో రెండొందల మంది యజమానులు వేరే దేశాల్లో ఉంటే, కింద కిరాయికి ఉండేవాళ్లకు ఆ హక్కు లేకపోతే, సగం సంతకాలు ఎక్కణ్నుంచి తెస్తారు? అందుకే ఫ్లాట్ చూడ్డానికి వెళ్లినప్పుడు కిటికీలోంచి వ్యూ చూడటం తర్వాత, ముందు అడగాల్సింది ఈ బిల్డింగ్‌లో సొంతదారులు ఎంతమంది ఉంటున్నారని. ఏజెంట్ చెప్పకపోతే లిఫ్టులో కనపడినవాళ్లను అడగండి, చెబుతారు.

అగ్నిభయం సంగతి వదిలేయలేం. 2017 జూన్ 14న లండన్ గ్రెన్‌ఫెల్ టవర్‌లో 72 మంది చనిపోయాక దేశమంతా బిల్డింగుల గోడలు విప్పి చూస్తే మంటలు పాకే క్లాడింగ్ (బయటి గోడలకు తొడిగే పలకలు), అడ్డుగోడల్లో లోపాలు ఎన్నో బయటపడ్డాయి, మాంచెస్టర్, సాల్ఫర్డ్ టవర్లలో కూడా. ఏ తప్పూ చేయని కుటుంబాలు రాత్రింబగళ్లు కాపలా మనుషుల జీతాలు కట్టుకుంటూ, అమ్ముకోలేక, లోన్ మార్చుకోలేక ఏళ్ల తరబడి నలిగిపోయాయి. 2022 బిల్డింగ్ సేఫ్టీ చట్టం కనీసం ఐదంతస్తులు లేదా 11 మీటర్ల ఎత్తున్న బిల్డింగుల్లో ఫ్లాట్లున్నవాళ్లకు ఈ లోపాలు సరిచేసే ఖర్చు నుంచి కొంత రక్షణ ఇచ్చింది. కానీ ఆ రక్షణ పూర్తిగా దొరకాలంటే 2022 ఫిబ్రవరి 14 నాటికి ఆ ఫ్లాట్ యజమాని అందులోనే ఉంటూ ఉండాలి, లేదా బ్రిటన్‌లో మొత్తం మూడు ఇళ్లకు మించి లేనివాడై ఉండాలి. అంటే ఆరోజు ఆ ఫ్లాట్ పది ఇళ్లున్న ఇన్వెస్టర్ చేతిలో ఉంటే, ఇవాళ మనం సొంతంగా ఉండటానికి కొన్నా ఆ లోటు మనకే సంక్రమిస్తుంది. ఈ రక్షణ ఆ ఫ్లాట్‌కి ఉందో లేదో తేల్చే లీజ్‌హోల్డర్ డీడ్ ఆఫ్ సర్టిఫికేట్ అనే కాగితం అమ్మేవాళ్ల నుంచి తెప్పించమని సొలిసిటర్‌కి, అంటే కొనుగోలు కాగితాలు చూసే లాయరుకి, గట్టిగా చెప్పాలి. బిల్డర్ సిఫార్సు చేసిన సొలిసిటర్ కాకుండా మన సొంత సొలిసిటర్‌కి.

మనవాళ్లను ప్రత్యేకంగా దెబ్బకొట్టేది స్టాంప్ డ్యూటీ. ఇంగ్లండ్‌లో మొదటి ఇల్లు కొనేవాళ్లకు 3 లక్షల పౌండ్ల దాకా స్టాంప్ డ్యూటీ లేదు. చాలామంది "ఇక్కడ నాకిదే మొదటిది" అని ధీమాగా ఉంటారు. చట్టం అడిగేది ఇక్కడ అని కాదు, ప్రపంచంలో ఎక్కడైనా అని. అమ్మానాన్న ప్రేమగా కూకట్‌పల్లి ఫ్లాట్ మీ పేరు మీద రిజిస్టర్ చేసి ఉంటే ఆ రాయితీ పోయినట్టే. దానికితోడు ఆ ఇంట్లో మీ వాటా విలువ 40 వేల పౌండ్లు, అంటే సుమారు 45 నుంచి 50 లక్షల రూపాయలు, దాటితే ఇక్కడ కొనేది రెండో ఇంటి కింద లెక్క, 5 శాతం అదనం. రెండున్నర లక్షల పౌండ్ల ఫ్లాట్‌కి సున్నా కట్టాల్సింది కాస్తా 15 వేల పౌండ్లు అవుతుంది. పోనీ భార్య పేరు మీద కొందాం అంటే ఈ అదనపు పన్ను విషయంలో భార్యాభర్తలను కలిపే చూస్తారు. ఖాళీ స్థలమైతే ఈ లెక్కలోకి రాదు, ఇల్లయితేనే. డిపాజిట్ కోసం పైసా పైసా కూడబెట్టినవాళ్లకు చివరి నెలలో ఈ సంగతి తెలిస్తే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు.

పాత పారిశ్రామిక నేలకు ఇంకో సంగతి కూడా ఉంటుంది, అది పైకి కనపడదు. మాంచెస్టర్ సిటీ జట్టు ఆడే ఎతిహాద్ స్టేడియం కట్టింది పైన చెప్పిన బ్రాడ్‌ఫర్డ్ గని ఉన్నచోటే. సాల్ఫర్డ్, విగన్, బోల్టన్ వైపు ఎక్కడ కొన్నా బొగ్గు తవ్వకాల రిపోర్టు తీయించాల్సిందే. 2015 డిసెంబరు 26న ఇర్వెల్ నది పొంగి సాల్ఫర్డ్‌లో ఇళ్లు మునిగాయి, కాబట్టి నీటి ఒడ్డున ఇల్లంటే వరద మ్యాప్ కూడా చూడాలి.

మరి ఎక్కడ కొనాలి అంటే, ఉండటానికే అయితే నా ఓటు టవర్‌కి కాదు. ట్రామ్ లైన్ పొడవునా, సిటీకి ఇరవై నిమిషాల దూరంలో పాత టెర్రస్ ఇళ్లు (వరసగా గోడలు కలిసినవి), సెమీ డిటాచ్డ్ ఇళ్లు (రెండేసి కలిసినవి) ఉన్నాయి. ఈ ప్రాంతంలో ఇళ్లు కూడా చాలా లీజ్‌హోల్డ్‌లో ఉంటాయి, అది చూసి భయపడొద్దు. ఎక్కువగా వందేళ్ల కిందట 999 ఏళ్లకు రాసిన లీజులు, ఏడాదికి నాలుగైదు పౌండ్ల గ్రౌండ్ రెంట్, అంతే. చెమ్మ ఉంటుంది, పైకప్పు బాగుచేయించాలి, చలికాలం హీటింగ్ బిల్లు నొప్పి పుట్టిస్తుంది. అయినా ఎప్పుడు ఏ రిపేరు చేయించాలో మనం నిర్ణయించుకుంటాం. పిల్లలున్నవాళ్లు ప్రవేశ పరీక్ష పెట్టి చేర్చుకునే ప్రభుత్వ గ్రామర్ స్కూళ్ల కోసం ట్రాఫర్డ్ వైపు వెళ్తారు, అక్కడ ధర ఎక్కువే. వీసా మీద ఉన్నవాళ్లు ఇంకొంచెం ఆలోచించాలి. ఐఎల్ఆర్ (శాశ్వత నివాస అనుమతి) కోసం ఆగాల్సిన గడువును ఐదేళ్ల నుంచి పదేళ్లకు పెంచుతామని ప్రభుత్వం 2025లో ప్రతిపాదించాక ఎప్పుడు ఎక్కడ ఉంటామో తెలియని కాలం పొడవైంది. త్వరగా అమ్ముకోగలిగే ఇల్లు కావాలి. సర్వీస్ ఛార్జ్ లేని చిన్న ఇల్లు అమ్ముడుపోయినంత సులువుగా టవర్‌లో ఫ్లాట్ పోదు.

టవరే కావాలి, నడిచి ఆఫీసుకు వెళ్లాలి అంటే తప్పేం లేదు. మూడేళ్ల సర్వీస్ ఛార్జ్ లెక్కలు, రిజర్వ్ ఫండ్‌లో ఎంతుందో, పెద్ద రిపేర్లకు ఇచ్చిన సెక్షన్ 20 నోటీసులు ఏమైనా ఉన్నాయో చూసి, వాటిని బట్టి బేరమాడి కొనండి.

ఇదంతా దూరపు కథ అనుకోవద్దు. 2025 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన హిల్ట్ పాలసీతో ఓఆర్ఆర్ లోపలి పాత పారిశ్రామికవాడల్లో తొమ్మిది వేలకు పైగా ఎకరాలను ఇళ్లకు, ఆఫీసులకు మార్చుకునే దారి తెరిచారు. జీడిమెట్ల, బాలానగర్, కాటేదాన్ లాంటి చోట్ల. భూమి చౌకగా పోతోందని ప్రతిపక్షాలు గొడవ చేశాయి, ఆ చర్చ జరగాల్సిందే. కొనబోయేవాళ్ల తరఫున అడగాల్సిన ప్రశ్న మాత్రం ఇంకా గట్టిగా వినపడటం లేదు. దశాబ్దాలపాటు రసాయనాలు పడ్డ ఆ మట్టిలో, ఆ బోరు నీళ్లలో ఏముందో ఎవరు పరీక్షిస్తారు? ఇంగ్లండ్‌లో ఇలాంటి నేల మీద కట్టాలంటే మట్టి పరీక్షలు చేయించి, శుభ్రం చేశాకే ముందుకెళ్లాలని ప్లానింగ్ అనుమతిలోనే షరతు పెడతారు. తెలంగాణలో కూడా సర్వే నంబరు వారీగా ఆ రిపోర్టు రెరా వెబ్‌సైట్‌లో పెట్టాకే మొదటి ఫ్లాట్ బుకింగ్ తీసుకోవాలని రూలు ఉండాలి. గజాల లెక్క ఎలాగూ అడుగుతాం, జీడిమెట్లలో బుక్ చేసుకునేటప్పుడు ఈ కాగితం కూడా అడగండి.